నేల చప్పుడును వ్రాయు పెట్టె

హైదరాబాదు నగరమున పంజాగుట్టనుండి ఖైరతాబాదునకు పోవు దారిలో ఎర్రమంజిలు అను పేట కలదు. అచ్చటి మిట్టపై పాతకాలపు రాజభవనమొకటి నిలిచియున్నది. నిజాము ప్రభుత్వమున ఉన్నతపదవులయందుండిన నవాబు ఫఖ్రుల్ ముల్కు దానిని కట్టించి, ఇరం మంజిలు అని పేరు పెట్టెను. పారసీక భాషలో ఇరం అనగా స్వర్గమువంటి ఉద్యానవనము. ఆ మిట్టను తెలుగువారు ఎర్రగడ్డ అని పిలుచుచుండిరి. నవాబుగారి ఇరమును, జనుల ఎర్రయు ఒకదానిలో నొకటి కలిసి ఎర్రమంజిలు అయ్యెనని చెప్పుదురు. 2019వ సంవత్సరమున ఈ భవనమును తొలగించి ఆ స్థలమున క్రొత్త శాసనసభను నిర్మింపవలెనని ప్రభుత్వము తలపెట్టగా, ఉన్నతన్యాయస్థానము ఆ నిర్ణయమును కొట్టివేసెను. అందుచేత భవనము మిగిలినది.

ఈ మిట్టపై ఒక మూల చిన్న గొయ్యి త్రవ్వి, అందులో నేల కదలికలను కనిపెట్టు యంత్రమును ఉంచితిమనుకొనుడు. అది ఏమి వ్రాయును? తెల్లవారగనే మెట్రో రైలు కదలును. ఎర్రమంజిలు పేరనే ఒక మెట్రో స్టేషను కలదు గదా. రైలు పోయినప్పుడెల్ల స్తంభములగుండ నేలలోనికి దిగిన అదురును యంత్రము వ్రాయును. పంజాగుట్ట చౌరస్తాలో ఆగి కదలు బస్సులను వ్రాయును. ప్రక్క వీథిలో ఇనుపసామాను దింపు లారీని వ్రాయును. గాలికి ఊగు చెట్టు వేళ్ళను, మిద్దెపై నీటి తొట్టెను నింపు మోటారును సైతము విడువదు. అర్ధరాత్రి దాటినపిమ్మట నగరము సద్దుమణుగును. అప్పుడు మాత్రమే యంత్రమునకు భూమి మాట కొంత వినబడును. సంతలో నిలిచి గుసగుసలు వినగోరువానికెట్టి కష్టమో, నగరమున భూకంపములను కనిపెట్టువారికి అట్టి కష్టము.

ఇంత శ్రమపడి వినవలసినది ఏమున్నదని మీరు అడుగవచ్చును. ఎర్రమంజిలునకు అయిదారు కిలోమీటర్ల దూరమున బోరబండ కలదు. 2020వ సంవత్సరము అక్టోబరు మొదటివారమున అచ్చటివారికి భూమిలోపలనుండి ఢామ్మను పెద్ద చప్పుళ్ళు వినబడెను. గిన్నెలు కదలెను. పిల్లలనెత్తుకొని జనులు వీథులలోనికి పరుగెత్తిరి. కొందరు ఎచ్చటనో రాళ్ళను ప్రేల్చుచున్నారనిరి; కొందరు పెద్ద భూకంపము రానున్నదని భయపడిరి. జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థవారు వచ్చి చూచి, అవి నిజమైన భూకంపములేయనియు, అయితే మిక్కిలి చిన్నవనియు తెలిపిరి. వాని పరిమాణము రెండుకన్న తక్కువ. పిమ్మట వారు ఆ పేటలోనే భూకంపలేఖినులను నిలిపిరి.

ఆ సంస్థ 1961లో ఏర్పడినది. ఎర్రమంజిలులో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో బండి మారి, తూర్పుగా పోయినచో హబ్సిగూడ తరువాత ఆ సంస్థ పేరనే ఒక స్టేషను వచ్చును. అంతకు పూర్వము నగరమున భూకంపములను కనిపెట్టు పని ఈ ప్రాంతముననే జరుగుచుండెను. నవాబు జఫర్ జంగు స్థాపించిన నిజామియా వేధశాల అమీర్‌పేటకు చేరువనున్న బేగంపేటకు మారినది; అచ్చట నక్షత్రములను చూచు దూరదర్శినులతోపాటు మిల్నే–షా రకపు భూకంపలేఖిని కూడ ఉండెను. చీకటిగదిలో మెల్లగా తిరుగు పీపాకు ఛాయాగ్రహణపు కాగితము చుట్టియుండును. వెలుగుచుక్క యొకటి దానిపై పడి గీత గీయుచుండును. నేల కదలినచో గీత వంకరపోవును. కాగితమును మార్చి, కడిగి, ఆరవేసి చూచినగాని క్రిందటి దినమున భూమి ఏమి చేసెనో తెలియదు. ఇప్పుడు వెలుగుచుక్క పోయి, విద్యుత్తు వచ్చినది. కాగితము పోయి, డేటా లాగరు అను పెట్టె వచ్చినది. కాపలా మాత్రము పోలేదు.

హబ్సిగూడ దగ్గర శాశ్వతమైన కేంద్రముండగా బోరబండలో మరల యంత్రములెందుకు? మెరుపు కనబడిన తరువాత ఉరుము వినబడుటకు పట్టు వ్యవధినిబట్టి పిడుగు ఎంత దూరమున పడినదో మీరు లెక్కించియుందురు. భూకంపమునకును అట్టి లెక్క యొకటి కలదు. రాయి పగిలినచోటునుండి రెండు విధములైన తరంగములు బయలుదేరును. మొదటిది మన గ్రానైటు రాతిలో సెకనుకు సుమారు 6 కిలోమీటర్లు పోవును. రెండవది సుమారు మూడున్నర కిలోమీటర్లు మాత్రమే పోవును. ఈ రెంటి రాకకును నడుమ ఒక సెకను తేడా యున్నచో భూకంపము సుమారు 8 కిలోమీటర్ల దూరమున పుట్టినదని అర్థము. ఒక కేంద్రము దూరమును చెప్పగలదు. స్థలమును గుర్తించుటకు కనీసము మూడు కేంద్రములు కావలెను. లోతు తెలియవలెనన్న వానిలో ఒకటైనను భూకంపస్థానమునకు ఇంచుమించు పైననే ఉండవలెను. బోరబండవంటి చోట చప్పుడు ఒకటి రెండు కిలోమీటర్ల లోతుననే పుట్టుచున్నప్పుడు, తరంగములనడుమ తేడా సెకనులో నాల్గవవంతు కూడ ఉండదు. దానిని దూరమునుండి కనిపెట్టుట సాధ్యము కాదు. అందుచే యంత్రమును జనుల వాకిళ్ళలోనికి తీసికొనిపోవలసి వచ్చును.

ఇక యంత్రమును చూతము. బస్సు హఠాత్తుగా కదలినప్పుడు నిలుచున్నవాడు వెనుకకు తూలును. నిజమునకు అతడు ఉన్నచోటనే ఉండదలచెను. అతని కాళ్ళక్రింది బస్సు ముందునకు పోయెను. సీస్మోమీటరు లోపల తీగచుట్టకు కట్టిన చిన్న బరువు ఆ ప్రయాణికుని వంటిది. నేల కదలును, బరువు కదలనని మొరాయించును. ఆ రెంటి తేడా విద్యుత్తుగా మారి తీగవెంట డేటా లాగరునకు పోవును. నేల పైకి క్రిందికి, ఉత్తర దక్షిణములకు, తూర్పు పడమరలకు కదలును గనుక మూడు దిశలకును మూడు భాగములుండును. లాగరు ఒక్కొక్క దిశను సెకనుకు నూరు మారులు కొలిచి అంకెలుగా వ్రాసికొనునని అనుకొనుడు. దినమునకు 2 కోట్ల 59 లక్షల 20 వేల అంకెలగును. లెక్క సరిచూచుకొనుడు. ఏ గుమాస్తా యింత వ్రాయగలడు?

నిలుపుటలో మొదటి పని స్థలమును ఎన్నుకొనుట. హైదరాబాదు అదృష్టమేమనగా, ఇచ్చట కొంచెము త్రవ్వగనే గ్రానైటు రాయి తగులును. మెత్తని మన్ను అదురును పెంచి, వంకర చేసి చూపును. గట్టిరాయి ఉన్నదున్నట్లు చెప్పును. బాటకు, మోటారుకు, పెద్దచెట్టుకు దూరముగా నుండవలెను. పాఠశాల వెనుక మూల, గుడి ఆవరణ, ఎవరైన పెద్దమనిషి యింటి పెరడు సాధారణముగా దొరకును. ఆ యింటివారితో స్నేహము యంత్రముకన్న ముఖ్యమని నా అభిప్రాయము. ఆ గొయ్యి ఎందుకో వారికి చక్కగా తెలిసిననాడు వారే దానిని కాపాడుదురు. తెలియనినాడు, లంకెబిందెలకై త్రవ్వుచున్నారను మాట సాయంత్రములోగా వీథియంతయు వ్యాపించును.

గొయ్యి అడుగున రాతిపై సిమెంటుతో చిన్న గద్దె పోయుదురు. అది ఆరి గట్టిపడిన పిమ్మట సీస్మోమీటరును దానిపై నిలుపుదురు. దానికి మూడు కాళ్ళుండును. ముక్కాలిపీట ఎట్టి నేలపైనను ఊగదని మీరెరుగుదురు. కాళ్ళ మరలను త్రిప్పుచు రసమట్టములోని బుడగ నడుమకు వచ్చువరకు సరిచేయుదురు. తాపీపనివారు గోడవరుసకు వాడు రసమట్టమువంటిదే ఇది. తరువాత దిక్సూచితో ఉత్తరమును గుర్తించి, యంత్రముపైనున్న గుర్తును ఆ దిక్కునకు త్రిప్పుదురు. అప్పుడు గునపము, పార మొదలైన ఇనుపసామానును దూరముగా పెట్టవలెను. లేనిచో దిక్సూచి ఉత్తరమును విడిచి గునపమును చూపును! దిక్కు తప్పిన యంత్రము దోషమును బయటపెట్టదు. అది నెలలకొలది చక్కగా పనిచేయుచునే తప్పు వ్రాయును.

వేడి కూడ ఒక శత్రువు. మధ్యాహ్నపు ఎండకు తీగచుట్ట కొంచెము సాగిన చాలు, నేల మెల్లగా వంగినట్లు గీత వంగును. అందుచేత యంత్రముచుట్టును ధర్మోకోలు పెట్టి, పైన పీపా బోర్లించి, మన్ను కప్పుదురు. గొయ్యి అంచును చుట్టునున్న నేలకన్న ఎత్తు చేయనిచో మొదటి వానకే అది బావి యగును. తీగను బిగువుగా లాగక, యంత్రముదగ్గర ఒక చుట్ట వదలుగా ఉంచవలెను. బిగువైన తీగ గాలికి ఊగి యంత్రమును లాగును. ఎలుకలు కొరకకుండ తీగను గొట్టములో నడిపింతురు. చీమలకు మాత్రము ఇంతవరకు తిరుగులేని ఉపాయము నాకు కనబడలేదు. పెట్టెలో వెచ్చగా నుండును గనుక అవి గ్రుడ్లతోసహా కాపురమునకు వచ్చును.

పెట్టెలోని గడియారముమాట చెప్పవలెను. ఆకాశమున తిరుగు జీ.పీ.యస్. ఉపగ్రహములలో పరమాణు గడియారములు కలవు. వానినుండి వచ్చు సంకేతమును గ్రహించి లాగరు తన కాలమును సరిదిద్దుకొనును. దీనికొరకు బిళ్ళవంటి చిన్న గ్రాహకమును ఆకాశము కనబడుచోట బిగింతురు. రేకుల కప్పుక్రింద పెట్టినచో అది గ్రుడ్డిదగును. గడియారము ఒక్క సెకను తప్పినను ఎంత చెరుపు జరుగునో చూడుడు: సెకనుకు 6 కిలోమీటర్ల చొప్పున పోవు తరంగమును లెక్కించునప్పుడు 6 కిలోమీటర్ల తేడా వచ్చును. బోరబండలో పుట్టిన భూకంపమును తెచ్చి ఎర్రమంజిలు మిట్టపై పెట్టినట్లగును.

ఇంతవరకు చెప్పినదంతయు ఒక్క దినపు పని. ఆ తరువాత నెలలకొలది నడువవలసినది విద్యుత్తుపని. భూకంపము చెప్పి రాదు. యంత్రము దినమునకు 23 గంటలు మేలుకొని ఒక గంట నిద్రించినను, ఆ గంటలోనే భూకంపము రావచ్చును. కావున విద్యుత్తు క్షణమైనను ఆగరాదు. నగరమున ఇంటింటను విద్యుత్తు ఉన్నదిగదా, దానికే తగిలింపరాదా యందురేమో. తగిలించిన చోట్లు కలవు. కాని గాలివాన వచ్చిన కరెంటు పోవును. ఎవరో చుట్టము వచ్చి, ఈ ప్లగ్గు ఎందుకో తెలియక ఊడబెరికి తన టెలిఫోనుకు చార్జి పెట్టుకొనును. పిడుగు దూరమున పడినను ఆ తీగలవెంట వచ్చి పెట్టెను కాల్చవచ్చును. అందుచేత ఇంటి కరెంటున్నను లేకున్నను నడుమ ఒక బ్యాటరీ తప్పదు. ఊరికి దూరమైన చోట బ్యాటరీయు, దానిని నింపుటకు సూర్యుడును తప్ప దిక్కులేదు.

ఎంత బ్యాటరీ కావలెను? సీస్మోమీటరును లాగరును కలిసి 2 వాట్లు వాడుననుకొందము. పాతకాలపు 40 వాట్ల బల్బులో ఇది ఇరువదవ వంతు. అయినను రేయింబవళ్ళు ఆగనిది. దినమునకు 24 గంటలు గనుక 48 వాట్ గంటలు. బ్యాటరీ 12 వోల్టులది గనుక, 48ని 12తో భాగింపగా దినమునకు 4 ఆంపియర్ గంటలు. బ్యాటరీపై 60 ఆంపియర్ గంటలని వ్రాసియున్నదనుకొనుడు. పదునైదు దినములు వచ్చునని తొందరపడి చెప్పరాదు. సీసము, ఆమ్లముగల బ్యాటరీని సగముకన్న ఎక్కువ ఖాళీ చేయుచున్నచో అది త్వరగా చెడిపోవును. విత్తనపు గింజలను వండుకొని తిన్న రైతు ఏమగునో, దానిని అడుగంట వాడుకొన్నవాడు అట్లే యగును. కావున వాడదగినది 30 ఆంపియర్ గంటలు, అనగా 360 వాట్ గంటలు. సూర్యుడు బొత్తిగా కనబడకున్నను ఏడున్నర దినములు నడచును.

ఇక 40 వాట్ల సౌరఫలకమొకటి తగిలింతము. 40 వాట్లు అనునది నిండుటెండలో ఇచ్చు శక్తి. ఉదయ సాయంకాలపు నీరెండలనన్నిటిని కూడి లెక్కించినచో వేసవి దినమున అయిదు గంటల నిండుటెండకు సమానమగునని చెప్పవచ్చును. అనగా 200 వాట్ గంటలు. దుమ్ము, వేడి, తీగలలోని నష్టము, బ్యాటరీలోని నష్టము కలిసి మూడవవంతును మ్రింగివేసినను, సుమారు 130 మిగులును. మనకు కావలసినది 48 మాత్రమే. ఫలకమును దక్షిణముఖముగా, నేలకు 17, 18 డిగ్రీల వాలున పెట్టుదురు. హైదరాబాదు అక్షాంశము అంతయే గనుక. కొందరు ఇంకను కొంచెము నిటారుగా పెట్టుదురు. వాన నీరు దుమ్మును కడుగుచు జారిపోవును.

వేసవిలో ఎవరును చింతపడనక్కరలేదు. చిక్కు వానకాలమున వచ్చును. మబ్బుపట్టిన దినమున ఫలకమునకు వేసవిలో వచ్చినదానిలో అయిదవవంతే వచ్చినదనుకొనుడు. 26 వాట్ గంటలు. ఖర్చు 48. దినమునకు 22 అప్పు. 360ని 22తో భాగించిన 16 దినములు. ముసురు అంతకన్న ఎక్కువ దినములు పట్టుట అరుదు గనుక చాలుననిపించును. కాని బ్యాటరీ పాతబడి శక్తి సగమునకు తగ్గినచో 8 దినములే. అంకెలను టెలిఫోను సంకేతములద్వారా వెంటనే సంస్థకు పంపు యంత్రమును కూడ కలిపి, అది మరి 2 వాట్లు వాడినచో, క్రొత్త బ్యాటరీయే అయిదు దినములకు చేతులెత్తివేయును.

ఇచ్చట మన నగరపు విశేషమొకటి మనస్సున నుంచుకొనవలెను. బోరబండ చప్పుళ్ళు వేసవిలో రాలేదు. వానకాలము చివర వచ్చెను. ఆ నెల 13వ తేదీన హైదరాబాదులో కుండపోత కురిసి అనేక పేటలు మునిగినవి. వాన నీరు గ్రానైటు రాతి పగుళ్ళలోనికి దిగి, అందున్న ఒత్తిడిని పెంచుటచేత రాతిపొరలు చిన్నగా జరుగుననియు, అట్టి భూకంపములు లోతులేనివనియు శాస్త్రజ్ఞులు వివరించిరి. గత శతాబ్దపు చివరి దశాబ్దమున జూబిలీ హిల్సు ప్రాంతమునను ఇటువంటి చిన్న భూకంపములు గుంపుగా వచ్చినవి. నీటికిని భూకంపమునకును సంబంధము పెద్ద జలాశయములకడ మరింత స్పష్టముగా కనబడినది. మహారాష్ట్రములో కొయనా జలాశయము నిండిన కొన్ని సంవత్సరములకు, 1967 డిసెంబరు 11వ తేదీ తెల్లవారుజామున, అచ్చట 6కు మించిన పరిమాణముగల భూకంపము వచ్చి సుమారు 200 మంది మరణించిరి. అందుకే పెద్ద ఆనకట్టలకడ భూకంపలేఖినులను ఉంచుదురు. ఎర్రమంజిలులోనే నీటిపారుదలశాఖవారి కార్యాలయమైన జలసౌధ కలదు. ఆనకట్టల లెక్కలు చూచువారు ఈ లెక్కను కూడ చూడవలసియుండును.

ఇప్పుడు రెండు మాటలను కలిపి చూడుడు. మన నేల చప్పుడు చేయు కాలమును, సూర్యుడు మొగము చాటుచేయు కాలమును ఒకటే! యంత్రము ఎప్పుడు తప్పక మేలుకొనియుండవలెనో, అప్పుడే దానికి తిండి తక్కువ. వేసవి లెక్కనుబట్టి బ్యాటరీని కొన్నవాడు సంవత్సరములో పది నెలలు సుఖముగా నిద్రించి, కావలసిన రెండు నెలలలో మోసపోవును. నాకు తెలిసినంతలో, ఇచ్చట బ్యాటరీ ఖరీదులో చేసిన పొదుపువంటి దుబారా మరియొకటి లేదు.

బ్యాటరీ నీరసించినప్పుడు ఏమి జరుగునో కూడ తెలిసికొనదగినది. ఫలకమునకును బ్యాటరీకిని నడుమ చార్జి కంట్రోలరు అను కావలివాడుండును. ఎండ ఎక్కువైనప్పుడు బ్యాటరీ పొంగకుండ అడ్డుకొనుట వాని పని. వోల్టులు సుమారు పదకొండున్నరకు దిగినప్పుడు యంత్రమునకు విద్యుత్తును ఆపి, బ్యాటరీ ప్రాణమును కాపాడుటయు వాని పనియే. ఆపగనే భారము తగ్గి వోల్టులు కొంచెము పెరుగును. కంట్రోలరు తొందరపాటుగలదైనచో వెంటనే మరల యంత్రమును లేపును, భారము పడగనే వోల్టులు తగ్గును, మరల ఆపును. ఈ విధముగా గంటలకొలది లేపుట, పండబెట్టుట జరిగి లాగరు మతి చెడును. వ్రాసిన అంకెలుకూడ చెడవచ్చును. అందుచేత మంచి కంట్రోలరు పన్నెండున్నర వోల్టులు దాటువరకు యంత్రమును లేపదు.

అప్పుడు మరియొక చిక్కు పుట్టును. ఉదయము పది గంటలకు ఎండ వచ్చి యంత్రము లేచును. సాయంత్రము వరకు వ్రాయును. చీకటిపడిన కొంతసేపటికి బ్యాటరీ దిగి నిద్రపోవును. మరునాడును అంతే. దూరమునుండి చూచువారికి దినదినము అంకెలు వచ్చుచునే యున్నవి. కేంద్రము బాగుగానే పనిచేయుచున్నదని తోచును. కాని అది పగటివేళ బస్సులను, రైళ్ళను, రోళ్ళను రోకళ్ళను వ్రాసినది. నగరము నిద్రించి, నేల మాట వినబడు రాత్రివేళ అది కూడ నిద్రించినది.

ఇట్లు జరుగుటకు పెద్ద కారణములు అక్కరలేదు. పెరటిలో ఫలకము పెట్టిననాడు ప్రక్కనున్న సొరపాదు జానెడే యుండును. రెండు వానలు పడగనే అది పందిరిని విడిచి ఫలకముపైకి ప్రాకును. ఫలకములోని చిన్నగదులు ఒకదానివెంట నొకటి గొలుసుగా కూర్చబడియుండుటచే, ఒక మూల రెండు ఆకులు కప్పినను శక్తి ఆ రెండాకుల మేరకే తగ్గదు; చాల ఎక్కువగా తగ్గును. లేక, తీగ చాలక సన్నని తీగను ముడివేసి దూరమునకు లాగియుందురు. సన్నని పొడుగు తీగలో వోల్టులు దారిలోనే ఖర్చగును. లేక, బ్యాటరీ కొనలపై తెల్లని పొడి చేరి పట్టు సడలియుండును. ధన ఋణములను తారుమారుగా తగిలించినవాడు మాత్రము ఎదురుచూడనక్కరలేదు. మంచి ఫ్యూజు ఉన్నచో అది పోవును, లేనిచో పెట్టెయే పోవును.

ఇంత చిన్న విషయములకు ఇంత జాగ్రత్త ఏలయని మీకు తోచవచ్చును. దక్కను పీఠభూమి కదలని గట్టి నేల యని చిరకాలము తలచుచుండిరి. 1993 సెప్టెంబరు 30వ తేదీ తెల్లవారకముందే, హైదరాబాదునకు రెండువందల కిలోమీటర్లకు పైబడిన దూరమున మహారాష్ట్రములోని కిల్లారి ప్రాంతమున 6.2 పరిమాణముగల భూకంపము వచ్చెను. రాతిమిద్దెలక్రింద వేలాది జనులు నిద్రలోనే మరణించిరి. పిమ్మట హైదరాబాదునుండి శాస్త్రజ్ఞులు వెళ్ళి, తరువాతి చిన్న కంపములను వ్రాయు యంత్రములను అచ్చటి పల్లెలలో నిలిపిరి. పెద్ద భూకంపము ఒక్కసారి వచ్చి పోవును. భూమిలో ఏ పగులు ఏ దిక్కున, ఎంత లోతున నున్నదో వందలకొలది చిన్న కంపములే గీసి చూపును. 2024 డిసెంబరు 4వ తేదీ ఉదయము ములుగు జిల్లాలో 5.3 పరిమాణముగల భూకంపము వచ్చినప్పుడు హైదరాబాదులో కూడ అనేకులకు అదురు తెలిసెను. అట్టి చోట్ల చిన్న కంపములను ఒక నెల వ్రాసిన బొమ్మలో రాత్రులన్నియు ఖాళీగా నున్నచో, బొమ్మ సగమే యగును. తరువాత ఎంత ధనము పెట్టినను ఆ రాత్రులను మరల కొనలేము.

కావున నెలకొకసారియైనను మనిషి పోయి చూడవలెను. అతడు మొదట పెట్టెను తెరువడు, ఇంటివారిని పలుకరించును. ఆ నెలలో చప్పుడేమైన వినిరా, ఏ దినమున, ఏ వేళ అని అడిగి వ్రాసికొనును. తడిగుడ్డతో ఫలకమును తుడుచును. సొరతీగను త్రెంపక, మెల్లగా తీసి పందిరికి మరలించును. కాయ వారిది గదా. అప్పుడు మూత తీసి, బ్యాటరీ వోల్టులను కొలిచి, కాలము, తేదీతో పుస్తకమున వ్రాయును. జీ.పీ.యస్. దొరకుచున్నదో లేదో చూచును. సీస్మోమీటరులోని బరువు నడుమనే యున్నదో, ప్రక్కకు ఒరిగినదో చూచును. నెలదినముల అంకెలను దింపుకొని, రాత్రివేళలో ఖాళీలున్నవేమో అచ్చటనే పరిశీలించును.

వెళ్ళబోవు ముందు అతడు గొయ్యికి కొంచెము దూరమున నిలిచి, కాలితో నేలను గట్టిగా ఒకసారి తన్నును. చేతిలోని తెరపై మూడు గీతలును ఒక్కమారు ఎగసి, వణకి, మరల సన్నబడును. ఆ క్షణమును పుస్తకమున వ్రాసి, పెట్టె మూసి, తాళము వేయును.